సైకిల్‌కు గట్టున్న దారి: అనంతపురం లాంటి ఊరికి ఇదెందుకు కావాలి?

  ఈ ఎపిసోడ్‌లో సైకిల్ గురించి మాట్లాడుకుందాం. సైకిల్ తొక్కితే ఒంటికి మంచిది, పొగ ఉండదు, పెట్రోలు ఖర్చు ఉండదు. ఇవన్నీ మీకు తెలిసినవే. మళ్ళీ అవే చెప్పి మీ టైము వేస్ట్ చేయను. ఈ రోజు నేను మాట్లాడాలనుకున్నది సైకిల్ పోయే దారి గురించి. అదీ మన అనంతపురం లాంటి ఊళ్ళో.

రక్షిత సైకిల్ దారి అంటే ఏంటి? రోడ్డు పక్కన తెల్ల రంగుతో ఒక గీత గీసి, సైకిల్ బొమ్మ వేసి వదిలేస్తారు చూడండి, అది కాదు. బండ్లు పోయే చోటికీ, సైకిల్ పోయే చోటికీ మధ్య ఏదో ఒక అడ్డు ఉండాలి. సిమెంటు అంచు కావచ్చు, దిమ్మెలు కావచ్చు, చెట్ల వరస కావచ్చు. మన పొలం భాషలో చెప్పాలంటే గట్టు. ఈ మడి నీళ్ళు ఆ మడిలోకి పోకుండా మధ్యలో గట్టు వేస్తాం కదా? గట్టు వేయాల్సిన చోట ముగ్గుపిండితో గీత గీస్తే నీళ్ళు ఆగుతాయా? బండ్లు కూడా అంతే, ఆగవు. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఈ గీతకీ గట్టుకీ ఉన్న తేడా గురించే.

ముందు, మన ఊళ్ళో సైకిల్ ఎవరు తొక్కుతున్నారో చూద్దాం. ఎందుకంటే సైకిల్ దారి అనగానే చాలామంది, "ఇప్పుడు సైకిల్ ఎవరు తొక్కుతున్నారు సార్? అందరికీ బండ్లున్నాయి" అంటారు. నిజమేనా?

పొద్దున ఆరున్నర, ఏడు గంటలప్పుడు రోడ్డు మీద నిలబడి చూడండి. బుక్కరాయసముద్రం వైపు నుంచి వచ్చే పాలవాళ్ళు కనిపిస్తారు. కక్కలపల్లి టమోటా మార్కెట్‌కు పోయే హమాలీలు కనిపిస్తారు. పేపర్ వేసే పిల్లలు, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్లు, వెనక క్యారియర్‌కు తాపీ సామాను కట్టుకున్న మేస్త్రీలు, అడ్డా మీదకు పోయే కూలీలు ఉంటారు. ఎనిమిది దాటితే బడిపిల్లలు మొదలవుతారు. పదకొండుకు చూస్తే పింఛను పనుల మీద బ్యాంకుకు పోయే పెద్దవాళ్ళు. వీళ్ళెవరూ హెల్మెట్ పెట్టుకుని, టైట్ బట్టలేసుకుని, ఫోన్‌లో కిలోమీటర్లు లెక్కేసుకునేవాళ్ళు కాదు. అందుకే మన కళ్ళకు ఆనరు. సైకిల్ తొక్కేవాళ్ళు అంటే మన మనసులో ఉన్న బొమ్మ వేరు, రోడ్డు మీద ఉన్న మనిషి వేరు.

దేశం మొత్తం లెక్క కూడా చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో, వ్యవసాయం కాకుండా వేరే పనులు చేసేవాళ్ళు పనికి ఎట్లా పోతున్నారని అడిగారు. దాదాపు 13 శాతం మంది సైకిల్ మీద పోతున్నామన్నారు. ఇంకో 22 శాతానికి పైగా నడిచి పోతున్నామన్నారు. కారు, జీపు, వ్యాను అన్నీ కలిపితే మూడు శాతం కూడా లేదు. దేశంలో సుమారు 45 శాతం ఇళ్ళల్లో సైకిల్ ఉంది, కారు ఉన్న ఇళ్ళు ఐదు శాతం లోపే. ఇది పాత లెక్కే, ఒప్పుకుంటాను. ఈ మధ్యలో మోటార్ సైకిళ్ళు బాగా పెరిగాయి. కానీ రోడ్డు ఎవరి కోసం వేస్తున్నాం అన్న ప్రశ్నకు ఈ అంకెలు ఇప్పటికీ పనికొస్తాయి. వెడల్పు చేసిన ప్రతి రోడ్డులో ఆ మూడు శాతానికి ఎంత చోటిచ్చాం, ఆ పదమూడు శాతానికి ఎంత చోటిచ్చాం?

ఇంక అనంతపురం సంగతికి వద్దాం. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అని మన జిల్లాకు పేరు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ. శెనక్కాయ పంట రెండేళ్ళు వరసగా పోతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కొందరు బెంగళూరు బస్సెక్కుతారు. ఇంకొందరు అనంతపురం టౌన్‌కు వస్తారు. వచ్చినవాళ్ళు సుభాష్ రోడ్డు పక్కన ఇల్లు తీసుకోలేరు కదా? బాడుగ తక్కువ ఎక్కడుంటే అక్కడ దిగుతారు. రుద్రంపేట, నారాయణపురం, కక్కలపల్లి, రాచానపల్లి, ఈ చుట్టుపక్కల పంచాయతీలన్నీ అట్లా పెరిగినవే. 2011 లెక్కల ప్రకారం కార్పొరేషన్ జనాభా 2 లక్షల 60 వేల చిల్లర. చుట్టుపక్కలవి కలుపుకుంటే ఊరు ఇప్పుడు ఎంత పెరిగిందో మనకు కళ్ళకు కనిపిస్తూనే ఉంది.

ఇల్లు ఊరి అంచున, పని ఊరి నడుమ. మధ్యలో నాలుగు, ఐదు, ఆరు కిలోమీటర్లు. ఈ దూరం చాలా చిత్రమైన దూరం. నడవడానికి ఎక్కువ. ఆటోకు రోజూ రానూ పోనూ ఇవ్వాలంటే కూలి మనిషికి బరువు. బండి కొంటే కంతులు. ఒక చిన్న లెక్క వేసుకుందాం. రోజుకు పది కిలోమీటర్లు, నెలకు 26 రోజులు, అంటే 260 కిలోమీటర్లు. బండి లీటరుకు 45 ఇస్తుందనుకోండి. ఆరు లీటర్లకు కొంచెం తక్కువ. లీటరు 110 రూపాయల లెక్కన 630 దాటుతుంది. ఒట్టి పెట్రోలుకే. ఉపాధి హామీ కూలి లెక్కన రెండు రోజుల కష్టం. కంతు, రిపేరు, ఇన్సూరెన్సు ఇందులో కలపలేదు. సైకిల్‌కైతే ఆ దూరం ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. మనది కొండలెక్కి దిగాల్సిన ఊరు కూడా కాదు. కాస్త ఎత్తుపల్లాలున్నా తొక్కగలిగేవే. ఆషాఢం గాలి ఒక్కటి ఎదురొస్తే కష్టం, అది ఒప్పుకోవాలి.

మరి ఇంత కలిసొచ్చే బండిని జనం ఎందుకు వదిలేస్తున్నారు? డబ్బులొచ్చి వదిలేసేవాళ్ళు ఉన్నారు, కాదనను. ఇంకో కారణం కూడా ఉంది. భయం. ఎవరినైనా అడగండి. "యాడ తొక్కేది సార్? పక్కన డ్రైనేజీ, ఇంకో పక్క లారీ" అంటారు. తల్లులను అడగండి, "పిల్ల సైకిల్ మీద పోతే ఇంటికొచ్చేదాకా ప్రాణం కుదురుగా ఉండదు" అంటారు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నడిచిపోయేవాళ్ళు 32 వేలకు పైన. సైకిల్ మీద పోయేవాళ్ళు నాలుగు వేలకు పైన. ఒక్క ఏడాదిలో, ఎవరినీ గుద్దే బలం లేని బండి మీద పోతూ నాలుగు వేల మంది. ఆ తల్లుల భయం అబద్ధం కాదు.

ఇక్కడే గీత, గట్టు విషయానికి వస్తాను. వేగం గురించి చిన్నప్పుడు బడిలో చదువుకున్నదే. బండి వేగం రెట్టింపైతే, గుద్దేటప్పుడు దాని దెబ్బ బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల మీద పోయే కారుకూ, 50 మీద పోయే కారుకూ పోల్చితే, ఆ యాభై మీద పోయే కారులో ఉన్న శక్తి దాదాపు రెండు ముప్పావు రెట్లు ఎక్కువ. సైకిల్ మనిషి 12, 15 మీద పోతుంటాడు. వీళ్ళిద్దరినీ ఒకే తారు మీద పక్కపక్కన నడిపించి, మధ్యలో ఒక పెయింటు గీత పెట్టి, జాగ్రత్తగా పోండి అంటే ఎట్లా? డ్రైవరు ఒక్క క్షణం ఫోన్ చూస్తే చాలు. తప్పు చేసేది ఒకరు, ప్రాణం పోయేది ఇంకొకరిది. రోడ్డు కట్టేటప్పుడు, మనిషి తప్పు చేస్తాడని అనుకునే కట్టాలి. గట్టు చేసే పని అదే. తప్పు జరిగినా, అది ప్రాణాల మీదకు రాకుండా ఆపుతుంది.

గీతతో ఇంకో ఇబ్బంది ఉంది. అది పార్కింగ్ అయిపోతుంది. బెంగళూరు జయనగర్‌లో 2012 ప్రాంతంలో సైకిల్ దారులు వేశారు. ఉద్దేశం మంచిదే. కొన్నాళ్ళకే వాటి నిండా కార్లు, స్కూటర్లు. సైకిల్ మనిషి మళ్ళీ రోడ్డు మధ్యకే. మనకు అంత దూరం కూడా అక్కర్లేదు. సప్తగిరి సర్కిల్ దగ్గర రేపు ఒక తెల్ల గీత గీశారనుకోండి. మధ్యాహ్నానికల్లా అక్కడ ఏముంటుందో మీరే చెప్పండి. రెండు తోపుడు బండ్లు, నాలుగు మోటార్ సైకిళ్ళు, ఒక ఆటో. వాళ్ళను తిట్టి లాభం లేదు. ఖాళీ చోటు కనబడింది, నిలబెట్టుకున్నారు. చట్టంలో మాత్రం స్పష్టంగానే ఉంది. సైకిళ్ళకని కేటాయించిన దారిలో, యూనిఫాంలో ఉన్న పోలీసు అనుమతి లేకుండా మోటారు వాహనం నడపకూడదని 1989 నాటి రోడ్డు నియమాల్లోనే రాశారు. కానీ ప్రతి వంద అడుగులకు ఒక పోలీసును పెట్టలేం కదా? సిమెంటు అంచు రాత్రీ పగలూ డ్యూటీ చేస్తుంది. సెలవు అడగదు.

సరే, ఇది ఎక్కడైనా పనిచేసిందా? నెదర్లాండ్స్ పేరు మీరు వినే ఉంటారు. వాళ్ళు పుట్టుకతోనే సైకిల్ మనుషులు అనుకుంటాం. కానీ 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మందికి పైగా చనిపోయారు. అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలే. తల్లిదండ్రులు రోడ్ల మీదకొచ్చి కూర్చున్నారు. పిల్లల హత్యలు ఆపండి అన్నదే ఆ ఉద్యమం పేరు. ఆ తర్వాత 1973లో చమురు కష్టం వచ్చింది. అప్పటి నుంచి వాళ్ళ రోడ్లు మారుతూ వచ్చాయి. అయినా, "చల్లటి దేశం సార్, వాళ్ళకేం, మనకు ఎండ" అంటారు. సరే, ఎండ ఉన్న ఊరే చూద్దాం.

స్పెయిన్‌లో సెవిల్ అనే నగరం ఉంది. స్పెయిన్ అంటే అనంతపురం వాళ్ళకు కొత్త దేశం కాదు. ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ అక్కడి నుంచి వచ్చినవారే కదా, 1969లో మన జిల్లాలో ఆర్డీటీ మొదలుపెట్టింది ఆయనే. ఆ సెవిల్‌లో వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. 2006కు ముందు అక్కడ సైకిల్ తొక్కేవాళ్ళు లేనట్టే లెక్క. ఊళ్ళో జరిగే ప్రయాణాల్లో అర శాతం. అప్పుడు నగరపాలక సంస్థ ఒక నిర్ణయం తీసుకుంది. అక్కడ కిలోమీటరు, ఇక్కడ కిలోమీటరు వేసి ఫోటోలు దిగడం కాకుండా, ఊరంతా ఒకదానికొకటి కలిసేట్టు ఒకేసారి వేయాలని. రెండేళ్ళ లోపు దాదాపు 80 కిలోమీటర్లు వేశారు. 2010 నాటికి 120 కిలోమీటర్లు. అన్నీ అడ్డు ఉన్న దారులే. చాలాచోట్ల రోడ్డు కంటే ఎత్తులో, ఫుట్‌పాత్ మట్టానికి. చోటు ఎక్కడి నుంచి తెచ్చారు? దాదాపు ఐదు వేల కార్ల పార్కింగ్ తీసేశారు. గొడవ కాలేదా? అయ్యింది. కానీ కొన్నేళ్ళలోనే రోజుకు ఆరేడు వేలుండే సైకిల్ ప్రయాణాలు 70 వేల దాకా పోయాయి. ఊళ్ళో వాతావరణం మారలేదు. మనుషులు మారలేదు. దారి మారింది, అంతే.

సెవిల్ నుంచి నేర్చుకోవాల్సిన అసలు పాఠం ఆ "ఒకేసారి" అన్న మాట. ఇది మనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? మన ఊరు పుట్టిందే చెరువు వల్ల. విజయనగరం కాలంలో, బుక్కరాయల దగ్గరున్న చిక్కప్ప ఒడెయరు పండమేరు నీళ్ళను ఆపి చెరువులు కట్టించాడు. బుక్కరాయసముద్రం, అనంతసాగరం, ఆ పేర్లు అట్లా వచ్చినవే. బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడితే, ఊరిని కాపాడటానికి ముసలమ్మ ఆ గండిలోకి దిగిపోయిందని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలిసిన కథ. కట్టమంచి రామలింగారెడ్డి గారు దాన్నే కావ్యంగా రాశారు. కట్ట ఎంత పొడుగున్నా, ఒక్క చోట గండి పడితే చెరువు నిలవదు. సైకిల్ దారి కూడా అంతే. మూడు కిలోమీటర్లు బ్రహ్మాండంగా వేసి, సర్కిల్ దగ్గర వదిలేస్తే, సరిగ్గా ఆ గండిలోనే మనిషి పడతాడు. ఎందుకంటే ఎక్కువ ప్రమాదం ఉండేదే కూడళ్ళలో, బండ్లు మలుపు తిరిగే చోట. అక్కడ దారి ఆపేస్తే, ముందు వేసిందంతా దండగ.

దగ్గర్లో హైదరాబాద్ కూడా ఒక ప్రయత్నం చేసింది. 2023 అక్టోబర్ 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. నానక్‌రామ్‌గూడ వైపు ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర కిలోమీటర్లు. నాలుగున్నర మీటర్ల వెడల్పు. పైన సోలార్ పలకల కప్పు, 16 మెగావాట్ల కరెంటు. ఎండకు నీడ, నీడతో కరెంటు. ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది. మన జిల్లాలో సోలార్‌కు కొదవ లేదు కాబట్టి, మనకూ పనికొచ్చే ఆలోచన. బండ్లకు దూరంగా, పూర్తి రక్షణతో ఉంది. మంచి పనే.

కానీ ఒక ప్రశ్న అడగాలి. ఆ దారి ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుంది? ఊరి బయట రింగ్ రోడ్డు పక్కన పోతుంది. శని, ఆదివారాలు వ్యాయామానికి వచ్చేవాళ్ళకు బాగుంటుంది. అమీర్‌పేటలో పనిచేసే కుర్రాడికి, పాతబస్తీలో కొరియర్ వేసే మనిషికి అది దారిలో తగలదు. వ్యాయామానికి వేసే ట్రాక్ వేరు, పనికి పోయే దారి వేరు. రెండూ ఉండొచ్చు. కానీ మన కార్పొరేషన్ దగ్గర డబ్బులు ఒక్కదానికే ఉంటే, పార్కు చుట్టూ ట్రాక్ వేయకండి. రుద్రంపేట నుంచి గడియార స్తంభం దాకా వేయండి. అక్కడ మనుషులున్నారు.

ఇప్పుడు ఆడపిల్లల సంగతి. నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో ఎక్కువ లాభపడేది వాళ్ళే. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిల్ ఇచ్చే పథకం పెట్టారు. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దాన్ని పరిశీలించారు. ఆ పథకం వల్ల హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని, మగపిల్లలకూ ఆడపిల్లలకూ మధ్య ఉన్న తేడా 40 శాతం తగ్గిందని తేల్చారు. బడి మూడు కిలోమీటర్ల కంటే దూరం ఉన్న ఊళ్ళల్లో లాభం ఇంకా ఎక్కువ. మన రాష్ట్రంలో కూడా "బడికొస్తా" పేరుతో ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చారు. మన జిల్లా పల్లెల్లో ఆర్డీటీ కూడా ఇచ్చింది.

సైకిల్ ఇచ్చాం. మరి దారి? పల్లె నుంచి బడి దాకా మట్టిరోడ్డు మీద పోయినన్నాళ్ళు ఆ పిల్లకు ఇబ్బంది లేదు. పది పాసై, ఇంటర్‌కో డిగ్రీకో టౌన్‌కు వచ్చింది. ఇక్కడ లారీలు, బస్సులు, హారన్లు. హైవే దాటాలి. ఇంట్లో, "సైకిల్ వద్దులేమ్మా, ఆటోలో పో" అంటారు. ఆటో డబ్బులు రోజూ కుదరవు. నెలకు కొన్ని రోజులు కాలేజీ మానేయడం మొదలవుతుంది. తర్వాత ఇంకేదో కారణం చెప్పి పూర్తిగా మాన్పిస్తారు. రికార్డులో మాత్రం "చదువు మానేసింది" అని ఉంటుంది. దారి లేక మానేసింది అని ఎక్కడా రాయరు. మన ఆర్ట్స్ కాలేజీ 1916 నాటిది. ఇంజనీరింగ్ కాలేజీ, ఇప్పటి జేఎన్‌టీయూ, 1946లో పుట్టింది. 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వచ్చింది. ఇన్ని చదువుల కేంద్రాలున్న కరువు సీమలో, ఆ గేటు దాకా ఒక ఆడపిల్ల భయం లేకుండా సైకిల్ మీద పోలేకపోతే, మనం కట్టుకున్న ఆ గేట్లు సగం మూసి ఉన్నట్టే.

ఇంక అభ్యంతరాలు. కొన్ని న్యాయమైనవి, వాటికి జవాబు చెప్పాలి.

మొదటిది, రోడ్డులో చోటు లేదు. పాతూరు లోపలి వీధుల్లో నిజంగానే లేదు. అక్కడ గట్టు వేయమని నేను చెప్పను. ఇరుకు వీధుల్లో బండ్ల వేగం ఎట్లాగూ తక్కువే. స్పీడ్ బ్రేకర్లు వేసి, ఇంకా తగ్గిస్తే చాలు, సైకిల్ కలిసి పోవచ్చు. గట్టు కావాల్సింది పెద్ద రోడ్ల మీద. అక్కడ చోటు ఉంది. కాకపోతే ఆ చోటులో బండ్లు నిలబెట్టి ఉన్నాయి. ఒక కారు నిలబడటానికి రెండున్నర మీటర్ల వెడల్పు కావాలి. సైకిల్ దారికి రెండు మీటర్లు చాలు.

రెండోది, షాపుల వాళ్ళ భయం. షాపు ముందు పార్కింగ్ పోతే గిరాకీ పోతుందని. ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు, అది వాళ్ళ బతుకు. వాళ్ళతో ముందే కూర్చుని మాట్లాడాలి. సరుకు దింపుకోవడానికి పొద్దున ఒక టైము ఇవ్వాలి. పక్క సందులో పార్కింగ్ చూపించాలి. తోపుడు బండ్ల వాళ్ళకు కూడా చోటు చూపించాలి. వాళ్ళను తరిమేసి సైకిల్ దారి వేస్తే, ఒక పేదవాడి చోటు తీసి ఇంకో పేదవాడికి ఇచ్చినట్టు. అది న్యాయం కాదు, నిలవదు కూడా.

మూడోది, ఎండ. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎవరూ తొక్కలేరు. నిజమే. కానీ పాలవాడు, హమాలీ, బడిపిల్ల తొక్కేది పొద్దున, సాయంత్రం. మే నెలంతా బడికి సెలవులే. అయినా నీడ కావాలి. ఆ గట్టులోనే చెట్లు పెట్టుకోవచ్చు. కానుగ, వేప. మన నేలకు, మన నీళ్ళకు తట్టుకునేవి. మొదటి రెండు వేసవులు ట్యాంకరుతో నీళ్ళు పోస్తే, తర్వాత వాటి బతుకు అవి బతుకుతాయి. చెట్టు గట్టు కూడా అవుతుంది, గొడుగు కూడా అవుతుంది.

నాలుగోది, "మన ప్రాంతంలో కార్ల ఫ్యాక్టరీ వచ్చింది, నువ్వు సైకిల్ అంటావా?" అని. పెనుకొండ దగ్గర కియా 2019లో కార్లు తయారు చేయడం మొదలుపెట్టింది. వేల మందికి ఉద్యోగాలొచ్చాయి, సంతోషం. నేను కార్లకు వ్యతిరేకిని కాదు. ఐదు కిలోమీటర్లకు సైకిల్ తీసిన ప్రతి మనిషీ, ఆ రోజు కారు వాడి ముందు ఒక మోటార్ సైకిల్‌నో ఆటోనో తగ్గించినట్టే కదా? సైకిల్ దారి వల్ల కారులో పోయేవాడికి కూడా లాభమే. పైగా ఎవరూ ఉన్నట్టుండి అడ్డం రారు, వాడికీ ప్రశాంతం.

చివరిది, "ముందు సైకిళ్ళు ఎక్కువ కానీ, అప్పుడు వేద్దాం" అనడం. ఎండిపోయిన బోరింగు దగ్గర బిందెలు లేవు కాబట్టి ఈ వీధిలో ఎవరికీ దాహం లేదు అన్నట్టుంటుంది ఈ మాట. నీళ్ళు రానీండి, బిందెలు వాటంతట అవే వస్తాయి.

ఇంతకీ, ఎన్ని సైకిళ్ళుంటే దారి వేయాలి? దీనికి లెక్క లేదనుకోకండి. ఉంది. మన దేశంలో రోడ్లు ఎట్లా వేయాలో చెప్పే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. 1962లోనే సైకిల్ దారుల కోసం ఒక పుస్తకం వేసింది, 2015లో దాన్ని సవరించింది. ఆ 1962 పుస్తకంలో ఏముందంటే, గంటకు 200 మోటారు బండ్ల కంటే ఎక్కువ పోయే రోడ్డు మీద, గంటకు వంద సైకిళ్ళున్నా చాలు, వేరే సైకిల్ దారి వేయడం సబబే అని. కనీస వెడల్పు రెండు మీటర్లు అని కూడా ఉంది. అరవై ఏళ్ళ కిందటి మాట ఇది. 2006లో కేంద్రం తెచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం కూడా, చూడాల్సింది వాహనాలను కాదు, మనుషులను అని చెప్పింది. అంటే మనం కొత్తగా అడిగేదేం లేదు. వాళ్ళు రాసుకున్నదే చేయమంటున్నాం.

గంటకు వంద సైకిళ్ళంటే, 36 సెకన్లకు ఒకటి. అందుకే మీకు ఒక పని చెబుతాను. అనంతపురమే కాదు, మీరు కడపలో ఉన్నా, కర్నూలులో ఉన్నా, హిందూపురంలో ఉన్నా చేయొచ్చు. ఇద్దరు, ముగ్గురు కలిసి మీ ఊళ్ళో ఒక పెద్ద రోడ్డు ఎంచుకోండి. పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఒక చోట నిలబడండి. ఒక కాగితం మీద, పోయిన ప్రతి సైకిల్‌కు ఒక గీటు పెట్టండి. ఆడవాళ్ళెంతమంది, బడిపిల్లలెంతమంది, వేరుగా గీటు పెట్టండి. ఆదివారం, పండగ రోజు వద్దు. మూడు మామూలు రోజులు చేయండి. వంద దాటితే ఆ కాగితం తీసుకుని కార్పొరేషన్ కమిషనర్ దగ్గరకు పోండి. సోమవారం అర్జీల రోజు కలెక్టరేట్‌లో ఇవ్వండి. మీ వార్డు కార్పొరేటర్‌కు ఒక కాపీ ఇవ్వండి. సైకిల్ మంచిదండీ అని చెప్పొద్దు. ఈ రోడ్డు మీద గంటకు ఇన్ని సైకిళ్ళు పోతున్నాయి, మీ పుస్తకం ప్రకారం ఇక్కడ దారి ఉండాలి, ఎప్పుడు వేస్తారు అని అడగండి. అంకె తీసుకుపోయిన మనిషిని ఉత్త చేతులతో వెనక్కి పంపడం కొంచెం కష్టం.

వంద దాటకపోతే? అప్పుడు కూడా ఆ కాగితం పారేయకండి. ఆ రోడ్డు పక్కన ఉన్న బడికి పోయి, పిల్లల తల్లిదండ్రులను ఒక్క మాట అడగండి. మధ్యలో గట్టు ఉంటే మీ పిల్లను సైకిల్ మీద పంపిస్తారా అని. ఎంతమంది అవునంటారో అది కూడా రాసుకోండి. అది ఎండిన బోరింగు దగ్గరకు ఇంకా రాని బిందెల లెక్క.

అడిగేటప్పుడు కూడా ఒక్క దారి అడగండి, కానీ మొత్తం అడగండి. ఊరి అంచున ఉన్న ఒక కాలనీ నుంచి, బడి మీదుగా, మార్కెట్ మీదుగా, ఆసుపత్రి దాకా, మధ్యలో ఎక్కడా గండి లేకుండా. కూడళ్ళతో సహా. ఆ ఒక్క దారి సరిగ్గా పడితే, రెండోది అడగాల్సిన పని మనకుండదు. పక్క వార్డు వాళ్ళే అడుగుతారు.

మీ ఊళ్ళో లెక్క పెడితే ఎంత వచ్చిందో కింద కామెంట్లలో రాయండి. ఏ రోడ్డు, ఏ టైము అన్నది కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు సెలవు. నమస్కారం.